సహకార గ్రామం చరిత్ర రాయబోయే మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సహకార వ్యవసాయ గ్రామం చరిత్ర రాయబోతున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సంఘాల లెక్కలు చూస్తూ బతికినవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను.

వెళ్ళగానే పెద్దలను కథలు అడక్కు. ముందు తీర్మానాల పుస్తకాలు, చిట్టా ఆవర్జాలు చదువు. ఏళ్లు గడిచాక తొలిరోజులు అందరికీ బంగారంలాగే కనబడతాయి. ఆనాటి పుస్తకంలో మాత్రం నీళ్ల వంతు తగాదా, తీరని విత్తనాల బాకీ, సమావేశానికి రానివాళ్ల పేర్లు ఉంటాయి. అవి చదివి వెళ్తే ఏం అడగాలో నీకు తెలుస్తుంది, వాళ్లకూ మరిచిపోయినవి గుర్తొస్తాయి.

సహకారం అనగానే అన్నీ ఉమ్మడి అనుకోకమ్మా. ఒట్టోమన్ ఏలుబడిలోని పాలస్తీనాలో 1910లో వెలసిన దెగానియా అనే సహకార గ్రామంలో పొలం, వంట, రాబడి అన్నీ ఉమ్మడే. ఆ ప్రాంతంలోనే 1921లో మొదలైన నహలాల్ అనే ఊళ్లో ఎవరి ఇల్లు, ఎవరి కమతం వాళ్లవే, కొనడం అమ్మడం మాత్రం కలిసి. నహలాల్ పటం తప్పకుండా చూడు, రిచర్డ్ కౌఫ్‌మాన్ అనే వాస్తుశిల్పి గీసింది. నడుమ ఉమ్మడి భవనాలు, చుట్టూ వలయంగా ఇళ్లు, ఇళ్ల వెనక నుంచి విచ్చుకున్న పొలాలు. ఏది అందరిదో, ఏది ఎవరిదో నేల మీదే తెలిసిపోతుంది. నువ్వు రాసే ఊరి పటాన్నీ అలాగే చదువు.

అన్నిటికన్నా ముఖ్యం, ఊరు వదిలిపోయినవాళ్లను వెతికి పట్టుకో. నహలాల్ స్థాపకుల్లో దెగానియా నుంచి వచ్చినవాళ్లున్నారు. కుటుంబంతో సొంత కమతం మీద బతకాలన్నది వాళ్ల కోరిక. దెగానియాలో మిగిలినవాళ్లనే అడిగితే ఆ కోరిక ఎంత బలమైనదో నీకెలా తెలుస్తుంది?

ఆడవాళ్లతో విడిగా మాట్లాడు. దెగానియాలో మొదట్లో వాళ్లకు వంట, ఉతుకుడే అప్పగించారు. అక్కడి సభ్యురాలు మిరియం బారాట్జ్ పాలు పితకడం నేర్చుకుని, పశువుల కొట్టంలో పని పట్టుబట్టి సాధించింది. వంటపనిని నువ్వు రాసే ఊరి పద్దుల్లో అసలు రాశారా? సభ్యత్వం ఎవరి పేర ఉంది? ఇవి చూడకుండా ఆ అధ్యాయం మొదలుపెట్టకు.

ఉమ్మడి పద్ధతి సడలిన చోట పుస్తకం ఆపేయొద్దు. దెగానియా కూడా 2007లో పనిని బట్టి జీతాలకు మారింది. ఊరు ఇంకా ఉంది, జనం ఉన్నారు.

అచ్చుకు ముందు తగాదాల అధ్యాయాన్ని రెండు పక్షాలకూ చదివి వినిపించు. పేరు తీసేయమంటే తీసేయి. సంగతే తీసేయమంటే ఒప్పుకోకు, వాళ్ల వాదనా పక్కనే రాయి.

లెక్కల భాగం రాశాక నాకు పంపు, చూసి పెడతాను.

మీ మామయ్య