‘ఆత్మకథ’ వేరు, ‘ఆత్మకథాత్మకం’ వేరు

సందేహం: అమెరికన్ స్త్రీవాద రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ మీద వ్యాసం రాస్తూ ‘ఇది ఆమె ఆత్మకథ’ అన్నాను. ‘ఆత్మకథాత్మక కథ’ అనాలని ఒక మిత్రుడు దిద్దాడు. ‘ఆత్మ’ రెండుసార్లు వచ్చే ఆ మాట తప్పు కాదా?

సమాధానం: కాదు, మీ మిత్రుడు దిద్దిందే సరి. మొదటి ‘ఆత్మ’కు ‘తన’ అని అర్థం. చివరిది ‘ఆత్మక’, అంటే ఆ స్వభావం కలది. వర్ణనాత్మకం, విమర్శనాత్మకం వంటి మాటల్లో ఉన్నదీ అదే. ‘కథ’ పక్కన మళ్లీ ‘కథ’ చెవికి ఇబ్బందనిపిస్తే ‘స్వానుభవం నుంచి పుట్టిన కథ’ అనండి. నాకు అదే ఇష్టం.

గిల్మన్ ఆత్మకథ వేరే ఉంది. ఆమె చనిపోయాక 1935లోనే అచ్చయింది. అందులో ‘నేను’ అంటే గిల్మనే. 1892లో వచ్చిన ఈ కథలోని ‘నేను’ మాత్రం ఆమె కాదు.

1885లో కూతురు పుట్టాక గిల్మన్‌ను తీవ్రమైన దిగులు కమ్మేసింది. 1887లో వియర్ మిచెల్ అనే పేరున్న నరాల వైద్యుడు ఆమెకు విశ్రాంతి చికిత్స చేశాడు. ఇంటిపనే లోకంగా బతకమనీ, చదువూ ఆలోచనా రోజుకు రెండు గంటలు దాటకూడదనీ, జన్మలో కలం ముట్టొద్దనీ చెప్పి పంపాడు. ఆ మాట విని ఆమెకు మతి పోయినంత పనైంది. చివరికి ఆ సలహా పక్కనపెట్టి, మళ్లీ రాతలో పడి కోలుకుంది.

కథలో అలాంటి చికిత్సకే గురైన నాయిక మాత్రం కోలుకోదు. భర్త అడుగుల చప్పుడు వినగానే రాస్తున్న కాగితాలు దాచేస్తుంది. చివరికి గోడకాగితం, అంటే గది గోడలకు అంటించిన రంగు కాగితం, చింపి, గది చుట్టూ పాకుతుంది. గిల్మన్ భర్త చిత్రకారుడు, నాయిక భర్త డాక్టరు. ఈ ఒక్క మార్పులోనే ఆమె ప్రతిభంతా ఉందంటాను. లాలించే మాటా వైద్యుడి ఆజ్ఞా ఒకే నోట వస్తుంటే ఆ మనిషి ఎవరికి ఎదురు చెప్పగలదు? నాయికకు కలిగినట్టు గోడకాగితం భ్రమలేవీ తనకు కలగలేదనీ, అవి కల్పించి చేర్చినవేననీ 1913లో గిల్మనే రాసింది.

అందుకే వ్యాసంలో ‘గిల్మన్ గోడకాగితం చింపింది’ అనకండి, ‘కథకురాలు చింపింది’ అనండి. కలం ముట్టొద్దన్న వైద్యుడి సంగతి దగ్గర మాత్రం గిల్మన్ పేరే రాయండి.