గోవాలో గెలిచిన 62 వేలు ఏమయ్యాయి?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. విశాఖలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పని చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 94,000. మధురవాడ ఫ్లాట్‌కి ఈఎంఐ 31,000, ఇంటి ఖర్చు 38,000, సిప్‌లు 15,000 పోతాయి. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఆఫీసు పని మీద మార్ముగోవా పోర్టుకి వెళ్ళినప్పుడు పోకర్ అలవాటైంది. 14 నెలల్లో ఐదుసార్లు గోవా వెళ్ళాను. రెండుసార్లు ఆఫీసు ఖర్చు, మూడుసార్లు సొంత ఖర్చు, ఒక్కోసారికి 19,500. మాండవి నది మీద ఉన్న క్యాసినోల్లో మూడు వేర్వేరు కార్డ్ రూముల్లో 100-200 రూపాయల పందేల టేబుల్ మీద మొత్తం 118 గంటలు ఆడాను. గెలిచిన రోజుల్లో 2,45,000 వచ్చింది, ఓడిన రోజుల్లో 1,83,000 పోయింది. అంటే 62,000 లాభం. డీలర్‌కి ఇచ్చిన టిప్పులు మాత్రం రాసుకోలేదు. 20 బై-ఇన్‌లు (ఒక్కోసారి టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే 20,000), అంటే 4 లక్షలు విడిగా పెట్టుకుని ఆడమని తోటి ఆటగాళ్ళు చెబుతున్నారు. ఎఫ్‌డీ తీసి అలా చేయవచ్చా? పన్ను ఎంత పడుతుంది? వచ్చే ఏడాది అమెరికాలో బావమరిది దగ్గరికి వెళ్ళినప్పుడు లాస్ వేగాస్‌లో వారం ఆడదామనుకుంటున్నాను. ఇక్కడ ఎంవీపీ కాలనీలో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో వారం వారం ఆట పెడదామని, ఫ్లాట్ ఖర్చులకి ప్రతి పాట్‌లో, అంటే ఒక్కో ఆటలో పోగైన పందెం సొమ్ములో, కొంత తీద్దామని కూడా అంటున్నారు. డిసెంబరులో మళ్ళీ గోవాకి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నాను. నేను గోవా వెళ్ళేది ఆఫీసు పని మీదేనని ఇంట్లో అనుకుంటున్నారు.

జవాబు: ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. పేకాట ఆడేవాళ్ళలో ఓడిన రోజు కూడా రాసుకునేవాళ్ళు చాలా తక్కువ. మా నాన్నగారు పోర్టు క్వార్టర్స్‌లో ప్రతి ఆదివారం రమ్మీ ఆడేవారు. ఆయన జేబు పుస్తకంలో గెలిచిన వారాలు మాత్రమే ఉండేవి. మిగతా వారాలు మా అమ్మ రాసే పాల లెక్కలో కనబడేవి, ఆ నెల పాలవాడికి బాకీ ఉండేది కాబట్టి.

మీ లెక్క నిజాయితీగానే ఉంది. కానీ అది టేబుల్ దగ్గర మొదలై టేబుల్ దగ్గరే ఆగిపోయింది. దాన్ని విశాఖ స్టేషన్ దాకా తీసుకొద్దాం.

సొంత ఖర్చుతో వెళ్ళిన మూడు ప్రయాణాలకి 58,500. 62,000లోంచి తీసేస్తే మిగిలింది 3,500. 118 గంటలకి పంచితే గంటకి 30 రూపాయలు కూడా రాలేదు. ఇక టిప్పులు. గంటకి ఒక్క పాట్ గెలిచి డీలర్‌కి 50 రూపాయలు ఇచ్చారనుకున్నా 5,900 అవుతుంది. అంటే పన్ను మాట ఎత్తకముందే మీరు 2,400 నష్టంలో ఉన్నారు. ఇది పెద్ద నష్టమేమీ కాదు. ఐదుసార్లు గోవా చూసి, ఇష్టమైన ఆట ఆడి, 2,400తో బయటపడ్డారంటే చౌకగా అయినట్టే. చిక్కల్లా దాన్ని లాభం అని పిలిచి, ఆ లాభాన్ని చూపించి ఎఫ్‌డీ కదపాలనుకోవడంలో ఉంది.

పన్ను సంగతి వింటే మీకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. పేకాట, లాటరీ, గుర్రప్పందేల గెలుపు మీద నేరుగా 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. మీ జీతం ఏ శ్లాబులో ఉందో దీనికి సంబంధం లేదు, కనీస మినహాయింపు కూడా వర్తించదు. 1961 చట్టంలో ఇది 115బీబీ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారింది గానీ శాతం మారలేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఆ గెలుపు కోసం పెట్టిన ఖర్చు ఏదీ తీసేయడానికి వీల్లేదు, ఓడిన డబ్బుని గెలిచిన డబ్బులో సర్దుకోవడానికీ వీల్లేదు. రైలు టికెట్, హోటలు, ఎంట్రీ ఫీజు, ఓడిన రోజుల 1,83,000, ఏదీ లెక్కలోకి రాదు. మీ పుస్తకంలో లాభం 62,000. పన్ను మాత్రం గెలిచిన రోజుల 2,45,000 మీద. అది 76,440 రూపాయలు.

అంటే నిజంగా చేతికొచ్చిన దానికంటే కట్టాల్సిన పన్నే ఎక్కువ. పై 2,400 నష్టానికి దీన్ని కలిపితే మీ 14 నెలల పోకర్ ఫలితం 78,840 నష్టం. తక్కువ పందేల మీద ఆడే ఉద్యోగికి ఈ పన్ను పద్ధతిలో లాభం మిగలడం దాదాపు అసాధ్యమని నా అభిప్రాయం. ఎంత బాగా ఆడినా గెలిచిన రోజులూ ఓడిన రోజులూ కలిసే వస్తాయి, చట్టం ఒకవైపు మాత్రమే చూస్తుంది.

టోర్నమెంట్‌లో బహుమతి 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తారు. అది మీ పేరిట కోసిన పన్ను వివరాలుండే 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది. టీడీఎస్ కోయలేదు కాబట్టి చూపించక్కర్లేదు అని టేబుల్ దగ్గర ఎవరైనా చెబితే నమ్మకండి. ఇలాంటి ఆదాయం ఉన్న ఏడాది ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 వేయాలి. మీ 14 నెలలు రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి వస్తాయి. రోజువారీ పుస్తకం తీసుకెళ్ళి ఆడిటర్‌కి చూపించి ఏ ఏడాదిది ఆ ఏడాదికి విడగొట్టండి. దాచిన గెలుపు మీద నోటీసు వస్తే వడ్డీ, జరిమానా కలిపి కట్టాల్సి వస్తుంది.

పైగా జీఎస్‌టీ ఉంది. క్యాసినోల్లో 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. ఎంట్రీ ప్యాకేజీలో ఎంత, చిప్పులు కొన్నప్పుడు ఎంత, పోకర్ గదిలో దాన్ని ఎలా లెక్క కడుతున్నారు అన్నది కౌంటర్ దగ్గర అడిగి రాసుకోండి. మీరు మూడు గదులు చూశారు కాబట్టి పోల్చడం తేలికే.

నేను పోకర్ ఆడను, కానీ గదిని పోల్చేటప్పుడు ఏం చూడాలో అంకెలే చెబుతాయి. క్యాసినోలో రూలెట్ ఆడితే మీ ఎదుట క్యాసినోయే ఉంటుంది. ఒక్క సున్నా ఉన్న చక్రం మీద అది 37లో ఒక వంతు, అంటే 2.7 శాతం తినేస్తుంది. పోకర్‌లో మీ డబ్బు పోయేది పక్క కుర్చీలో కూర్చున్నవాడికి. క్యాసినో తీసుకునేది ప్రతి పాట్‌లో కోత, మీరు రేక్ అనేది. ఆ కోత ఎంత శాతం, పాట్ ఎంత పెద్దదైనా ఎంత దగ్గర ఆగుతుంది, జాక్‌పాట్ పేరుతో ఇంకేమైనా తీస్తున్నారా, ఈ మూడూ చూడండి. చిన్న టేబుల్ మీద పాట్‌లు చిన్నవి, కోత ఆ గరిష్ఠ పరిమితి దాకా వెళ్ళే పాట్‌లు తక్కువ. అందుకే పెద్ద టేబుల్ కంటే చిన్న టేబుల్ ఆటగాడే శాతం లెక్కన ఎక్కువ కోత భరిస్తాడు. బఫే ఎక్కడ బాగుంది, విస్కీ ఎక్కడ ఉచితం అన్నది దీని తర్వాత సంగతి. ఆ ఉచిత విస్కీ తాగి ఆడిన ఒక్క పాట్ ధర ఎంతో మీ పుస్తకంలోనే వెతకండి, దొరుకుతుంది.

ఇప్పుడు మీ ఆట బాగుందా లేదా అన్న ప్రశ్న. మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. గంటకి సుమారు 28 సార్లు ముక్కలు పంచుతారనుకుంటే 118 గంటల్లో మీరు ఆడింది 3,300 పంపకాలు. నో-లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో ప్రతి 100 పంపకాలకి ఫలితం 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పెద్ద పందెం) మేర అటూ ఇటూ ఊగుతుందని ఆటగాళ్ళు లెక్క వేసుకుంటారు. మీ టేబుల్‌లో బిగ్ బ్లైండ్ 200. నడిమి అంకె 90 పట్టుకుని లెక్క కడితే 3,300 పంపకాలకి ఆ ఊగిసలాట 33 రెట్లు కాదు గానీ (గెలుపోటములు కొంత చెల్లుకు చెల్లవుతాయి కాబట్టి 33కి వర్గమూలం మేరకే పెరుగుతుంది) లక్ష రూపాయలు దాటుతుంది. అంటే ఏ నైపుణ్యమూ లేక, నష్టమూ లేక, సమానంగా ఆడే మనిషి కూడా ఇన్ని గంటల్లో లక్ష పైన ఉండవచ్చు, లక్ష కింద ఉండవచ్చు. మీ 62,000 ఆ అదృష్టపు పరిధి లోపలే ఉంది. మీరు మంచి ఆటగాడే కావచ్చు. ఆ సంగతి తేలాలంటే ఇంకా చాలా వందల గంటలు కావాలి, ఇప్పుడున్న పుస్తకం దానికి సాక్ష్యం కాదు.

అందుకే 4 లక్షల మాట. 20 బై-ఇన్‌ల సూత్రం తప్పు కాదు, కానీ అది ఆట మీద బతికేవాడిది. వాడికి ఆ డబ్బు దుకాణంలో సరుకు లాంటిది, అయిపోతే షట్టర్ దించాలి. మీకు నెలనెలా జీతం వస్తుంది, డబ్బు అయిపోతే మీరు చేయాల్సింది ఇంటికి రావడమే. పైగా మీ ఎఫ్‌డీకి ఇప్పటికే ఒక ఉద్యోగం ఉంది. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకి 69,000. ఆరు నెలలకి 4,14,000. ఆ 4 లక్షలు మీ అత్యవసర నిధి, అదీ 14,000 తక్కువగానే ఉంది. షిప్పింగ్‌లో సరుకు తగ్గినప్పుడు ఏజెన్సీల్లో జీతాలు ఎలా ఆలస్యమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని ముట్టుకోవద్దు. పర్సనల్ లోన్ ఆలోచన ఉంటే అదీ వద్దు.

అన్నీ పోను మీకు నెలకి 10,000 మిగులుతోంది. ముందు ఆ 14,000 లోటు పూడ్చండి, పన్ను బాకీకి కావాల్సింది పక్కన పెట్టండి. ఆ తర్వాత నెలకి 5,000 చొప్పున వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాదికి 60,000. ఒక సొంత ప్రయాణానికి 19,500, రెండు పూర్తి బై-ఇన్‌లకి 40,000, మొత్తం 59,500. మీ గోవా ఏడాదికి అంతే. కనీస బై-ఇన్‌తో కూర్చోవడానికి గది ఒప్పుకుంటే అదే డబ్బు ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది. గెలిస్తే పన్నుకి 31.2 శాతం ఆ రోజే వేరు చేయండి. పోతే రమ్మీలో ముక్కలు బాగాలేనప్పుడు 20కి డ్రాప్ అయినట్టు డ్రాప్ అవండి. ఆ ఖాతా కార్డు తప్ప ఇంకో కార్డు జేబులో లేకుండా పడవెక్కితే డ్రాప్ అవడం సులువు. క్రెడిట్ కార్డు హోటల్ లాకర్‌లో ఉండాలి.

లాస్ వేగాస్ గురించి క్లుప్తంగా. అక్కడ చిన్న టేబుల్ అంటే 1-2, 1-3 డాలర్లు. ఒక్క 300 డాలర్ల బై-ఇన్ అంటేనే మన 25 వేల పైమాట. అక్కడ చిన్న టేబుళ్ళలో సాధారణంగా పాట్‌లో 10 శాతం, కొన్ని డాలర్ల పరిమితి దాకా కోస్తారు, జాక్‌పాట్‌కి ఒకటో రెండో డాలర్లు అదనం, గెలిచిన పాట్‌కి డీలర్‌కి డాలరు ఇవ్వడం మర్యాద. టోర్నమెంట్‌లో పెద్ద బహుమతి వస్తే విదేశీయుల దగ్గర 30 శాతం పన్ను పట్టుకుంటారు, మన రెండు దేశాల పన్ను ఒప్పందం దీన్నుంచి తప్పించదు. ఇక్కడ కూడా ఆ ఆదాయం చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ అడగవచ్చు. లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్‌ల కోసం ఇక్కణ్ణుంచి విదేశీ మారకం పంపడాన్ని ఫెమా, అంటే విదేశీ మారక చట్టం నిబంధనలు నిషేధించాయి. కాబట్టి క్యాసినోకి మన కార్డు గీయడం, ఇక్కణ్ణుంచి డబ్బు పంపించుకోవడం లాంటివి పెట్టుకోకండి. రెండు సాయంత్రాలు, రెండు బై-ఇన్‌లు చాలు. మిగతా వారం బావమరిదితో గడపండి.

ఎంవీపీ కాలనీ ఫ్లాట్ ఆటకి మాత్రం వద్దనే చెబుతాను. గోవాలో నది మీద ఆడటానికి ఆ రాష్ట్ర చట్టం లైసెన్సు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో క్యాసినోలు లేవు, ఉన్నది 1974 గేమింగ్ చట్టం. రమ్మీలో నైపుణ్యం ఉందని 1967లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే చెప్పింది. కానీ ఆ తీర్పులోనే స్థలం ఇచ్చినవాడు ఆట మీద లాభం తీసుకుంటే సంగతి వేరని కూడా ఉంది. పైగా అది రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు. ప్రతి పాట్‌లో కొంత తీద్దామన్న మీ స్నేహితుడి ఆలోచనే ఆ ఫ్లాట్‌ని పేకాట స్థావరంగా మార్చేస్తుంది. పోలీసులు వచ్చిన మర్నాడు పేపర్లో ఎలాంటి ఫొటో పడుతుందో మీరు చూసే ఉంటారు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ప్రాక్టీసు చేద్దామనుకున్నా దారి లేదు. రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

చివరగా ఇంటి సంగతి. నెలకి 5,000 పక్కన పెట్టడం మీ ఆవిడకి తెలియకుండా కుదరదు, పన్ను బాకీ అయితే అసలే కుదరదు. ఈ కాగితం మీద లెక్క ఉన్నదున్నట్టు ఆవిడ ముందు పెట్టండి, 2,400 అంకె దగ్గర మొదలుపెట్టండి. డిసెంబరు టికెట్ ఎలాగూ తీసుకున్నారు. అందులో ఇంట్లోవాళ్ళకి కూడా బెర్తులకి ప్రయత్నించండి. క్యాసినోలోకి 21 ఏళ్ళు నిండనివాళ్ళని రానివ్వరు కాబట్టి పిల్లలతో పగలంతా పాత గోవా, బీచ్‌లు, ఒక్క రాత్రి మాత్రం మీకు కార్డ్ రూము. అప్పుడు రైలు, హోటలు కుటుంబ విహారం ఖాతాలోకి వెళ్తాయి. మీ పోకర్ పుస్తకంలో ఆ 19,500 రాయక్కర్లేదు.