వీడియో గేమ్‌లకు ఏటా ఇచ్చే ‘ది గేమ్ అవార్డ్స్’లో 2024 ‘గేమ్ ఆఫ్ ది ఇయర్’ నామినీల్లో ఏ ఆట గెలవాల్సిందని మీ అభిప్రాయం?

అడిగినవారు ఆ ఏడాది లిస్టులోని ఆరు ఆటల పేర్లూ రాసి, అవార్డు ఆస్ట్రో బాట్‌కు ఇవ్వడం న్యాయమేనా అన్నారు. న్యాయం కాదు. పేక ముక్కలతో ఆడే బలాట్రో అనే ఆటకు ఇవ్వాల్సింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా మాట ఇదే. ఎందుకో చెప్పాలంటే మా మామ సంగతి చెప్పాల.

అంతకంటే ముందు మిగతా ఐదింటి లెక్క తేల్చేస్తాను. ఆస్ట్రో బాట్ మంచి ఆట, కాదనను. బెంగళూరులో స్నేహితుని ఇంట్లో రెండు సాయంత్రాలు ఆడినాను. వాని ఐదేళ్ళ కూతురు పక్కనే కూచోని కేకలు పెట్టింది. కానీ దాన్ని ఆడాలంటే పీఎస్5 అనే సోనీ గేమ్ యంత్రం ఉండాల్సిందే. ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ కూడా ఆ ఏడు పీఎస్5కే వచ్చింది, అదీ 1997 నాటి ఆటను తిరగరాసిన దాంట్లో రెండో భాగం. మెటఫర్ అనే ఆటకు కథ, ఆర్ట్ డైరెక్షన్, రోల్ ప్లేయింగ్ (ఒక పాత్రను పెంచుకుంటా ఆడేది) విభాగాల్లో మూడు అవార్డులు వచ్చినాయి, రావాల్సినవే. బ్లాక్ మిత్ వుకాంగ్ మీద నాకు శానా ఆశ ఉండింది. ఆంజనేయస్వామి గుడి లేని పల్లె మన సీమలో యాడుంది? కర్ర పట్టుకోని రాక్షసులను కొట్టే కోతి కథ మనకు కాక ఎవరికి నచ్చుతుంది? తీరా చూస్తే 130 జీబీ జాగా అడిగింది. నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. యూట్యూబులో ఎవరో ఆడుతుంటే చూసినాను.

ఎల్డెన్ రింగ్ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అయితే ఆ లిస్టులో ఉండనే కూడదు. అది 2022లో ఇదే అవార్డు గెలిచిన ఆటకు తగిలించిన భాగం. అసలు ఆట కొనకుండా దాన్ని ఆడలేరు. ఇట్ల తగిలించిన భాగాలకూ (ఎక్స్‌పాన్షన్లు) అర్హత ఉందని నిర్వాహకులు రూలు చూపించినారు. రూలు రాసుకున్నది వాళ్ళే కదా.

ఇక నా కథ. మాది ప్రొద్దుటూరు. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాను. చిన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి వైస్ సిటీ ఆడి, దెబ్బలు తిన్న బ్యాచ్ మాది. ఆటల పిచ్చి అప్పటినుంచీ ఉంది. కానీ పేక ముక్కలకు మా ఇంట్లో చోటు లేదు. 2019లో మా పెదనాయన కొడుకు ఫోన్లో రమ్మీ ఆడి, పంటకు తెచ్చిన అప్పు డబ్బు, వాళ్ళమ్మ గొలుసు, అన్నీ పోగొట్టినాడు. లక్షా ఎనభై వేలు. మొదట వంద గెలిపించినారంట, తర్వాత రెండొందలు గెలిపించినారంట, ఆ తర్వాత ఆపలేకపోయినాడు. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకరు నిషేధించినప్పుడు మా పెద్దమ్మ ఆ పేపరు ముక్క కత్తిరించి బీరువాలో పెట్టుకుంది. గొలుసు మాత్రం తిరిగి రాలేదు.

2024 డిసెంబరు 12 రాత్రి, మా చిన్నాయన కూతురి పెండ్లి. జమ్మలమడుగు పక్క ఒక పల్లె. ముహూర్తం తెల్లవారుజామున. రాత్రి అన్నాలయినాక పెద్దోళ్ళంతా జంబుఖానా మీద రమ్మీకి కూచున్నారు, పాయింటుకు పావలా లెక్కన. నేను వంటవాళ్ళు వంకాయలు కోసే పక్క, జనరేటరు వెనకాల అరుగు మీద కూచోని ఫోన్లో బలాట్రో ఆడుతుండినాను. అది ఫోన్లకు వచ్చి రెండున్నర నెలలు అయింటుంది. మా నాయన మంచినీళ్ళకని వచ్చి, వంగి నా ఫోను చూసినాడు.

“నువ్వూ మొదలుపెట్టినావా?”

అరవలేదు. అరిచింటే బాగుండు అనిపించింది.

“ఇది డబ్బు ఆట కాదు నాయనా.”

“ముక్కలు కనపడతాండాయి కదరా.”

ఏం చెప్పినా ఆయనకు ఎక్కడంలేదు. కండ్లలో మా పెదనాయన ఇల్లు తిరుగుతోంది. ఈ మాటలకు మా చిన్నమామ లేచొచ్చినాడు. ఆయన రమ్మీలో చుట్టుపక్కల పల్లెల్లో పేరున్న మనిషి. ఎదుటివాడు పారేసిన మూడు ముక్కలు చూసి వాని చేతిలో ఏముందో చెప్తాడు. “ఇట్ల తే అల్లుడా” అని ఫోను తీసుకోని, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకోని, పక్కన కూచున్నాడు.

చెప్పినాను. చేతికి ఎనిమిది ముక్కలు వస్తాయి. అందులో ఐదు దాకా ఎంచి వేయాల. రెండు ఒకటే అయితే జత, ఐదు వరుసగా ఉంటే స్ట్రెయిట్, ఐదూ ఒకే రంగయితే (అన్నీ ఆటీనో, అన్నీ ఇస్పేటో) ఫ్లష్. మొదటి మెట్టుకు 300 పాయింట్లు కావాల. నచ్చని ముక్కలు కొన్నిసార్లు పారేసుకోవచ్చు. ఎదురుగా మనిషి లేడు, పేకతోనే పోటీ. ఇవన్నీ ఆయన రెండు నిమిషాల్లో పట్టేసినాడు. చిక్కంతా జోకరు దగ్గర వచ్చింది. రమ్మీలో జోకరంటే లేని ముక్కకు బదులు. మామ ఏడు, ఎనిమిది, పది, జాకీ పెట్టి, “జోకరుంది కదరా, తొమ్మిదికి బదులు పెట్టు” అంటాడు. ఇందులో జోకరు చేతిలోకి రాదు మామా, పైన కూచోని రూలే మార్చేస్తుంది అన్నాను. సరిగ్గా అప్పుడే ఆటలోని అంగట్లో షార్ట్‌కట్ అనే జోకరు వచ్చింది. వరుసలో మధ్య ముక్క ఒకటి లేకున్నా ఒప్పుకునే జోకరు అది. దాన్ని కొని, ఏడు, ఎనిమిది, పది, జాకీ, రాణి వేయించినాను. స్ట్రెయిట్ అని పడింది. మామ ఫోను వైపు కొంచేపు అట్లే చూసినాడు.

“నలభై ఏండ్లుగా నేను అడుగుతాండేది ఇదే కదరా” అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ జవాబు రాస్తున్నాను. వీడియో గేమంటే ఏందో తెలియని మనిషి, ఏ సినిమా లాంటి బొమ్మా లేకుండా, ఏ కథా లేకుండా, ఒక రూలు మారినందుకు కండ్లు పెద్దవి చేసినాడు. ఆట అంటే అదే కదా. అవార్డు పేరు ‘గేమ్ ఆఫ్ ది ఇయర్’, సినిమా ఆఫ్ ది ఇయర్ కాదు.

తర్వాత ఆయన ఆటీను పట్టుకున్నాడు. మూడు ముక్కలను ఆటీనుగా మార్చే చీటీ ఒకటి ఉంటుంది, అది రెండుసార్లు దొరికింది. ఇస్పేటు, కళావరు ముక్కలు ఒక్కొక్కటే మార్చేస్తా పోయినాడు. వేసిందల్లా ఫ్లష్షే. ఐదో మెట్టు దాకా ఎదురు లేదు. అక్కడ పెద్ద గండం వచ్చింది, ‘ది హెడ్’ అని. దాని రూలు ఒకటే: ఆటీను ముక్కలకు విలువ లేదు. ఫ్లష్ పడుతూనే ఉంది, లెక్క మాత్రం కావాల్సినంత పెరగదు. చివరి చెయ్యి కూడా అయిపోయింది. మామ ఫోను అరుగు మీద పెట్టేసినాడు.

“ఇప్పుడు డబ్బు అడుగుతుందా?”

“అడగదు మామా. కొనేటప్పుడు ఒక్కసారే ఇచ్చినాను. అడ్వర్టైజుమెంట్లు కూడా రావు.”

“మళ్ళీ ఆడినా అడగదా?”

“అడగదు.”

“అయితే ఇది పేకాట కాదు బావా” అన్నాడు మా నాయన వైపు తిరిగి. “పేకాట మళ్ళీ మళ్ళీ అడుగుతుంది.”

మా నాయన అప్పటిదాకా కుర్చీలో కండ్లు మూసుకోని ఉన్నాడు, నిద్రపోయినాడేమో అనుకున్నాను. “ఈసారి ఆటీను ఒక్కటే పెట్టుకోవద్దు” అన్నాడు కండ్లు తెరవకుండానే. జన్మలో ముక్క ముట్టని మనిషి ఆయన.

ఈ బలాట్రో చేసింది ఒకే ఒక్క మనిషి. లోకల్‌థంక్ అని మారుపేరు పెట్టుకున్నాడు, అసలు పేరు బయట పెట్టడు. ఈ ఆట హక్కులు ఏ జూదం కంపెనీకీ పోకూడదని వీలునామాలో రాయించినాడు. మా పెదనాయన ఇంట్లో జరిగింది చూసిన నాకు ఆ వీలునామా ఎంత విలువైనదో తెలుసు. అయినా యూరప్‌లో వయసు రేటింగులు ఇచ్చే పెగీ అనే సంస్థ, పోకరు చేతులు చూపిస్తుందని దీనికి 18 ఏళ్ళ ముద్ర వేసింది. డబ్బిచ్చి పొట్లాలు విప్పితే ఏ ఆటగాడొస్తాడో తెలియని ఫుట్‌బాల్ ఆటకేమో 3 ఏళ్ళ ముద్ర. యాడి న్యాయం ఇది? ముక్క బొమ్మ ఉంటే తప్పు, జేబు ఖాళీ అయితే తప్పు కాదా? 2025 ఫిబ్రవరిలో బలాట్రో ముద్రను 12కు దించినారు. కేంద్రం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో “నీ బలాట్రో కూడా పోయిందిరా” అన్నారు. డబ్బు పెట్టనిదానికి నిషేధం యాడిది అని అందరికీ ఒక్కొక్కరుగా చెప్పుకోవాల్సి వచ్చింది.

అవార్డుల వాళ్ళ మీద నాకు ఇంకా కోపాలున్నాయి. గెలిచేదెవరో తేల్చేది 90 శాతం జ్యూరీ, మన ఓట్లకు 10 శాతం. జ్యూరీ అంటే ఆటల మీద రాసే పత్రికలు, సైట్లు. వాళ్ళ టేబుళ్ళ మీద అన్ని యంత్రాలూ ఉంటాయి. నాలుగైదు వేలు పెట్టి డిస్కు కొనేముందు ఇంటద్దె లెక్క చూసుకునే మనిషి వాళ్ళ కంటికి ఆనడు. 2023లో ఇదే పెద్ద అవార్డు గెలిచిన బాల్డర్స్ గేట్ 3 ఆట కంపెనీ పెద్దాయన కవచం తొడుక్కోని వేదికెక్కి, చనిపోయిన తమ సహోద్యోగిని తలుచుకుంటుంటే, ఎదురుగా తెర మీద ముగించమని అక్షరాలు వేసినారు. రాబోయే ఆటల ట్రైలర్లకు మాత్రం ఎంత టైమైనా ఉంటుంది.

ఇండీ అవార్డు, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసిన ఆటలకిచ్చేది, దాని సంగతి ఇంకా ఘోరం. 2023లో డేవ్ ది డైవర్‌ను ఆ విభాగంలో పెట్టినారు, దాన్ని చేసింది నెక్సాన్ అనే పెద్ద కొరియా కంపెనీ సొంత స్టూడియో. 2025లో ఎక్స్‌పెడిషన్ 33 అనే ఆటకే పెద్ద అవార్డు, దానికే ఇండీ అవార్డు, మొత్తం తొమ్మిది. ఆట గొప్పదే. కానీ మా పక్క బండలాగుడు పోటీలకు రండి. పాలపళ్ళ ఎడ్లకు వేరే, రెండు పళ్ళ ఎడ్లకు వేరే, ఆరు పళ్ళ ఎడ్లకు వేరే విభాగం. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టినాకే బండ కట్టనిస్తారు. చిన్న ఎడ్లు ధైర్యం చేసి పెద్ద విభాగంలో దిగితే ఈల వేస్తారు గానీ, ఆరు పళ్ళ ఎడ్లను పాలపళ్ళలో దింపితే గలాటా అయిపోతుంది. ఒంటరిగా చేసినవాణ్ణి, ముప్పై మంది ఉన్న స్టూడియోను, పెద్ద కంపెనీ బిడ్డను ఒకే గాటికి కట్టేవాళ్ళకు పళ్ళు చూడాలన్న ఆలోచన రాలేదు. మన పూణేలో చేసిన ‘రాజీ’ ఆట 2020లో తొలి ఆట విభాగంలో నామినేషన్ దాకా పోయింది. అది తెలిసినవాళ్ళను మా ఊర్లో వేలు మీద లెక్కపెట్టొచ్చు.

సరే, ఆ పొద్దున సంగతి చెప్పి వదిలేస్తాను. మనకు శుక్రవారం తెల్లారినాక అక్కడ లాస్ ఏంజెలెస్‌లో షో మొదలైంది. తాళి కట్టడం అయిపోయింది, టిఫిన్ల వరుస నడుస్తోంది. మండపంలో సిగ్నలు లేదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి నిలబడితే రెండు గీతలు వస్తున్నాయి, అక్కడే నిలబడి చూసినాను. బలాట్రోకు ఇండీ అవార్డు, తొలి ఇండీ అవార్డు, మొబైల్ అవార్డు, మూడూ వచ్చినాయి. పెద్దది ఆస్ట్రో బాట్‌కు.

మామ పొంగలి ప్లేటు పట్టుకోని నా దగ్గరికే వచ్చినాడు. రాత్రి నేను చెప్పింటి, పొద్దున ఫలితాలు వస్తాయని.

“ఇచ్చినారా ఆ పిల్లోనికి?”

“మూడిచ్చినారు మామా. పెద్దది ఇయ్యలేదు.”

“స్టేజీ ఎక్కినాడా?”

“రాలేదు. పబ్లిషర్ తరఫు మనిషి తీసుకున్నాడు.”

“పెద్దది ఎవరికి?”

“ఒక చిన్న రోబో ఆటకు. పీఎస్5లో ఆడాల.”

మామ పొంగలి కొంచెం నమిలినాడు. “ఇచ్చినోళ్ళు మనది ఐదో మెట్టు దాకా అన్నా ఆడినారా?” అన్నాడు. నాకు తెలియదు అన్నాను. ప్లేటు గోడ మీద పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకోని, ఫోను ఇమ్మని చెయ్యి చాపినాడు.