పనిమనిషికి షుగరు, బీపీ ఉంటే బస్తీ దవాఖానా సరిపోతుందా?

మీ ఇంట్లో పనిచేసే ఆమెకు షుగరు, బీపీ ఉన్నాయి, బస్తీ దవాఖానాకు పంపాలా, ప్రైవేటు డాక్టరు ఫీజు మీరే కట్టాలా అని అడిగారు. బస్తీ దవాఖానాకే పంపండి. ఆ ఫీజు డబ్బుల బదులు నెలకో పూట జీతం కోయకుండా సెలవివ్వండి. హైదరాబాద్‌లో అలాంటి దవాఖానాలో నర్సుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

బస్తీల్లో ప్రభుత్వం నడిపే చిన్న ఉచిత దవాఖానాలివి. 2018లో మొదలైన వీటిలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. ఒక్కోటి చూసేది ఐదు వేల నుంచి పది వేల జనాభాను. రక్తం అక్కడే తీసి నారాయణగూడ ల్యాబుకు పంపేవాళ్ళం, రిపోర్టు ఫోన్‌కు వచ్చేది. ఏదీ పైసలు పెట్టి చేయించుకోనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ పది లక్షల దాకా ఉందని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి మాట. నెల నెలా మింగే గోలీలకు అది అక్కరకు రాదు.

ఉచితం కన్నా పెద్ద లాభం, ప్రతిసారీ తెలిసిన మనుషులే చూడటం. మోకాళ్ళ నొప్పులని ఒకామె వచ్చేది. షుగరు ఎప్పుడు చూసినా ఎక్కువే. మందులు వాడుతున్నానంటుంది. ఓ రోజు కూర్చోబెట్టి అడిగితే, "తినకుండ గోలీ ఏస్కుంటే కండ్లు తిరుగుతున్నయ్ సిస్టరమ్మా, అందుకే బంద్ చేసిన" అంది. పొద్దున ఆరింటికే నాలుగిళ్ళ పని. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేసరికి పదకొండు. డాక్టరమ్మ మందు మార్చలేదు, తిండితో పాటే వేసుకోమని వేళ మార్చింది. తర్వాత చెప్పులు విప్పించి పాదాలు చూశాం. రోజంతా సబ్బునీళ్ళలో నానిన వేళ్ళ సందులు తెల్లగా చీలిపోయి ఉన్నాయి. షుగరున్న మనిషికి ఆ చీలికే పుండయ్యేది. ఏ పెద్దాసుపత్రి ఓపీలోనైనా ఆ రద్దీలో ఆమె చెప్పులు విప్పించే తీరిక ఎవరికుంటుంది?

ఆమె భర్తకు చాలాకాలంగా దగ్గు. కూలి పోతుందని రాడు. ఆశా కార్యకర్త సాయంత్రం పూట ఇంటికెళ్ళి డబ్బా ఇచ్చి కళ్ళె తెప్పించింది. టీబీ తేలింది. షుగరున్నవాళ్ళకు టీబీ త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఆమెకూ పరీక్షలు చేయించాం. అతనికి ఆరు నెలల కోర్సు. పోషణకని టీబీ రోగులకు కేంద్రం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి అయింది. అది పడాలంటే బ్యాంకు ఖాతా వివరాలు సరిగ్గా ఉండాలి. ఆ తిరుగుడు కూడా ఆశానే తిరిగింది. నా దృష్టిలో ఇది మందులంత ముఖ్యమైన వైద్యం.

ఇబ్బంది వేళలతోనే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు అంటే కూలీలకు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు సరిగ్గా పని వేళ. అందుకే ఆ పూట సెలవు అంతగా అడుగుతున్నాను.

మొదటిసారి పాత చీటీలు, వాడుతున్న గోలీల అట్టలు, ఆధార్ పట్టుకెళ్ళమనండి. దవాఖానాలు మార్చవద్దని, బస్తీ ఆశా ఫోన్ నంబరు తీసుకోమని చెప్పండి. పరగడుపు పరీక్ష ఉన్న రోజు రక్తం ఇచ్చి, టిఫిన్ తిన్నాకే షుగరు గోలీ వేసుకోవాలి. ఆ రోజు మాత్రం పొద్దున్నే పనికి రమ్మనకండి.