ఒరిస్కనీ మీద డైవ్‌కి ప్లాన్ ఎలా వేసుకోవాలి? (విశాఖ నుంచి వెళ్ళొచ్చినవాడి జవాబు)

వేసవిలో అట్లాంటాలో ఉన్న మీ అక్క వాళ్ళింటికి వెళ్తున్నారని, పనిలో పనిగా ఫ్లోరిడాలోని పెన్సకోలా దగ్గర ముంచిన పాత విమానవాహక నౌక ఒరిస్కనీ మీద డైవ్ చేసి, దాని ఫ్లయిట్ డెక్ మీద నిలబడి ఫొటో దిగాలని ఉందని అడిగారు. రుషికొండలో నేర్చుకుని అడ్వాన్స్‌డ్ దాకా చేశానన్నారు. నేనూ విశాఖలోనే నేర్చుకున్నాను. మా బావతో కలిసి ఆ ఓడ దగ్గరికి వెళ్ళొచ్చాను కాబట్టి తెలిసిందేదో చెప్తాను.

ముందుగా డెక్ మీద ఆశ వదిలేయండి. 2006 మే 17న ముంచినప్పుడు అది 135 అడుగుల లోతున ఉండేది. 2008లో గుస్తావ్ తుపాను వచ్చాక ఓడ మరో పదడుగులు కుంగింది. ఇప్పుడు డెక్ సుమారు 145 అడుగుల్లో, అంటే 44 మీటర్ల దగ్గర ఉంది. సరదా డైవింగ్‌కి ఆఖరి హద్దే 40 మీటర్లు, అది కూడా డీప్ స్పెషాలిటీ చేసినవాళ్ళకి. మీ అడ్వాన్స్‌డ్ కార్డుకి 30. కాబట్టి మనకి మిగిలేది డెక్ మీద నిటారుగా లేచి ఉన్న టవర్ ఒక్కటే. దాని కొన 25 మీటర్ల దగ్గర తగులుతుంది. అంటే 25కీ 30కీ మధ్య ఉన్న ముక్కే మీ డైవ్. వినగానే నీరసం వస్తుంది, నాకు తెలుసు. కానీ ఓడ పొడవు 911 అడుగులు. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసురా సబ్‌మెరైన్ లాంటివి మూడు వరసగా పెడితే అంత. ఎవరు వెళ్ళినా ఒక్క ట్యాంకుతో దాన్ని చూడలేరు. టవర్ చుట్టూ నిదానంగా ఒక రౌండ్ వేసేసరికే గాలి అయిపోతుంది.

ఆ గాలి లెక్క ఇంట్లో కాగితం మీద వేసుకుని వెళ్ళండి. ఈ మొత్తం జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. మామూలు అల్యూమినియం ట్యాంకులో 200 బార్ ఒత్తిడి దగ్గర సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు పీలుస్తాడు, ఎందుకంటే అక్కడ ఒత్తిడి నాలుగింతలు. ఇప్పుడు మీ బడ్డీ (జంటగా దిగే తోటి డైవర్) రెగ్యులేటర్, అంటే గాలి అందించే పరికరం, పాడైంది, ఇద్దరూ మీ ట్యాంకు మీదే పైకి రావాలి అనుకోండి. ఇద్దరికీ టెన్షన్, ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు లాగుతారు. తేరుకోవడానికి కింద ఒక నిమిషం పడితే 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి దాదాపు 500. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడానికి 270. అన్నీ కలిపితే వెయ్యి లీటర్లు దాటింది, అంటే దాదాపు సగం ట్యాంకు. 50 బార్‌తో పైకి రండి అని మనకి మొదట్లో నేర్పిన మాట 10, 12 మీటర్ల లోతుకి సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. సగం అవగానే పైకి బయల్దేరాలి. దిగేటప్పుడు ఖర్చయింది తీసేస్తే టవర్ దగ్గర మీకు దొరికేది పన్నెండు నిమిషాలు, మహా అయితే పదిహేను.

ఇంకో చిక్కు ఏమిటంటే అక్కడ ట్యాంకు ఒత్తిడి చూపే గేజ్ బార్లలో ఉండదు, అమెరికా కొలత పీఎస్‌ఐలో ఉంటుంది. లోతు అడుగుల్లో చెప్తారు. మనకి 100 బార్ అంటే వెంటనే వెలుగుతుంది గానీ, ముప్పై మీటర్ల కింద మెదడు కాస్త మందగించినప్పుడు 1,450 పీఎస్‌ఐ అంటే ఎంతో ఆలోచించుకోవాలి. నేను స్లేట్ మీద రెండే అంకెలు రాసుకున్నాను: 100 అడుగులు, 1,500 పీఎస్‌ఐ. మొదటిది దాటకూడదు, రెండోది కనిపిస్తే పైకి. లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్ సొంతది ఉంటే మీటర్లలోనే ఉంచుకోండి, కాకపోతే బడ్డీది కూడా అలాగే ఉండాలి.

నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) తీసుకోమని చాలామంది చెప్తారు. గాలితో 30 మీటర్ల దగ్గర డీకంప్రెషన్ (పైకి వస్తూ తప్పనిసరిగా ఆగాగి రావడం) అవసరం పడకుండా 20 నిమిషాలు ఉండొచ్చు, 32 శాతం నైట్రాక్స్‌తో సుమారు 30. బాగానే ఉంది, కానీ పైన లెక్క చూశారు కదా, మొదటి డైవ్‌లో ఆ 20 నిమిషాలు కూడా అవ్వకముందే ట్యాంకు మిమ్మల్ని పైకి పంపేస్తుంది. నైట్రాక్స్ నిజంగా పనికొచ్చేది అదే రోజు చేసే రెండో డైవ్‌లో. పైగా దానికీ ఒక హద్దుంది. 32 శాతం మిశ్రమంతో 33 మీటర్లు దాటకూడదు. పొరపాటున డెక్ దాకా జారితే ఆక్సిజన్ ఒత్తిడి 1.7 దాటుతుంది, నీళ్ళలో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

పొరపాటున ఎలా జారతాం అంటారేమో. రుషికొండలో నీళ్ళు మసకగా ఉంటాయి కాబట్టి లోతంటే మనకి సహజంగా భయం. అక్కడ నీళ్ళు తేటగా ఉన్న రోజున టవర్ దగ్గర ఆగి కిందికి చూస్తే డెక్ మొత్తం బూడిద రంగులో పరుచుకుని, చెయ్యి చాస్తే అందేలా కనిపిస్తుంది. మా బావ టవర్ అంచున ఉన్న చేపల్ని చూస్తున్నాడు. తన ఫిన్లు మాత్రం మెల్లమెల్లగా కిందికి దిగుతున్నాయి, తనకి తెలీదు. ట్యాంకు మీద తట్టి కంప్యూటర్ చూపించాను, 104 అడుగులు. లెక్కలో పెద్ద తేడా కాదు. కానీ మనిషి దిగడం లేదనుకుంటూనే దిగిపోయాడు.

రుషికొండలో ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి అన్నీ చూసుకుంటాడు. అమెరికాలో చాలా బోట్ల మీద డైవ్‌మాస్టర్ బ్రీఫింగ్ ఇచ్చి బోటు మీదే ఉండిపోతాడు. మీరూ, మీ బడ్డీ, అంతే. కొత్తవాళ్ళకి తోడు గైడ్ కావాలంటే విడిగా డబ్బు కట్టి ముందే మాట్లాడుకోవాలి. నా మాట విని మాట్లాడుకోండి. లాగ్‌బుక్ కూడా అడుగుతారు, ఈ మధ్య లోతు డైవ్‌లు చేశారా అని చూస్తారు. బోటు నుంచి ఓడకి కట్టిన తాడు పట్టుకునే దిగాలి, దాని మీదుగానే రావాలి. ప్రవాహం గట్టిగా ఉన్న రోజున ఆ తాడు వదిలితే తీరానికి ఇరవై మైళ్ళకి పైగా దూరంలో తేలతారు, కాబట్టి సిగ్నల్ బెలూన్, విజిల్ ఉండాల్సిందే. చేతికి గ్లవ్స్ కూడా, తాడు నిండా నత్తగుల్లలే.

లోపలికి వెళ్ళొచ్చా అని చివర్లో అడిగారు. మునిగిన ఓడ లోపలికి దూరే (రెక్ పెనెట్రేషన్) శిక్షణ లేకుండా వద్దు. కిటికీలోంచి లైటు వేసి చూడండి, చాలు. ఇంకా మనసు లాగుతుంటే వెళ్ళేముందు ఒకసారి కురుసురా లోపలికి వెళ్ళి రండి. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతున్నప్పుడు వీపు మీద ట్యాంకు ఉందని, లైట్లు ఆరిపోయాయని, కాలు తగిలి బురద లేచిందని ఊహించుకోండి. ఇది టికెట్ డబ్బుకి దొరికే మంచి శిక్షణ.

(కామెంట్లలో ఒకరు, అంత దూరం దేనికి, మన విశాఖ దగ్గరే మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉందిగా అన్నారు. 1971 డిసెంబర్‌లో మునిగిన ఆ సబ్‌మెరైన్‌తో పాటే దాని సిబ్బంది మొత్తం పోయారు. అది సమాధి, సరదాగా వెళ్ళే చోటు కాదు.)

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బయల్దేరేముందు ఇక్కడే డీప్ డైవ్‌లు కొన్ని చేసి, మీరు నిమిషానికి ఎన్ని లీటర్లు పీలుస్తారో కొలుచుకోండి. నా 20 మీకు 26 కావచ్చు, అప్పుడు పై లెక్కంతా మారుతుంది. బోటు మీద వాంతులకి అవోమిన్ లాంటివి మగత తెప్పిస్తాయి, డాక్టర్‌ని అడిగి ఇంట్లోనే ఒకసారి వేసుకుని చూడండి. డైవింగ్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా అమెరికాలో నీళ్ళలోకి దిగకండి, మామూలు ట్రావెల్ పాలసీలో ఈ లోతు ఉండకపోవచ్చు. జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడ హరికేన్ల కాలం, గాలి లేస్తే ట్రిప్ రద్దు చేస్తారు. అందుకని బోటు మొదటి రోజుకే బుక్ చేసి, వెనక ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. రెండు డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి అట్లాంటాకి కార్లోనే తిరిగి రండి, ఐదారు గంటల ప్రయాణం.