ప్రైవేట్ కీ గిట్‌హబ్‌లోకి వెళ్లిపోయింది: కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోడుతో పాటు ప్రైవేట్ కీ (డిజిటల్ సంతకానికి, గుర్తింపునకు వాడే రహస్య సంకేతం) ఫైలునూ కోడు దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేసి, హెచ్చరిక మెయిల్ రాగానే తొలగించింది. ఇప్పుడు ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తానంటోంది. విజయవాడలో సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: కోర్సు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ కీని పక్కన పడేసి కొత్తది తయారు చేసుకోమనండి. ఫైలును తొలగించినా గిట్‌లోని పాత కమిట్లలో, అంటే కోడు మార్పుల చరిత్రలో, అది అలాగే ఉంటుంది కనుక, ఒకసారి బయటపడిన కీ పరాయి చేతికి చిక్కినట్టే లెక్క. దానితో తీసుకున్న సర్టిఫికెట్ (ఆ కీ ఎవరిదో ధ్రువీకరించే డిజిటల్ పత్రం) ఉంటే దానినీ రద్దు చేయించాలి. సర్టిఫికెట్‌ను ఎవరు చూసినా నష్టం లేదు. దాచవలసింది దాని వెనుక ఉన్న ప్రైవేట్ కీని.

మీ అరండల్‌పేటలో ఏదైనా ఆడిటర్ ఆఫీసుకు వెళ్లినప్పుడు డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్‌ను గమనించండి. ప్రైవేట్ కీ ఆ టోకెన్‌లోనే ఉండి, సంతకం కూడా అక్కడే పూర్తయి, ఫలితం మాత్రమే కంప్యూటరుకు చేరుతుంది. (పిన్ నంబరును చీటీ మీద రాసి ఆ టోకెన్‌కే రబ్బరు బ్యాండుతో చుట్టిపెట్టిన వారినీ చూశాను.) పెద్ద సంస్థల్లో కీలను దాచే పరికరమైన హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్‌కూ, ఫోనులో అదే పని చేసే ఆండ్రాయిడ్ కీస్టోర్‌కూ మూలసూత్రం ఇదే: అప్లికేషన్ కీని వాడుకుంటుంది, కానీ కీ దాని చేతికి రాదు.

కీని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తానని అమ్మాయి అంటే, ఆ ఎన్‌క్రిప్షన్ కీని ఎక్కడ దాస్తావని అడగండి. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట, హార్డ్‌వేర్‌లోనో, అడిగే సర్వరెవరో గుర్తించి మరీ కీని ఇచ్చే వాల్ట్ వంటి సేవలోనో ఆగాలి. ఇంటర్వ్యూలో నేనైతే ఈ ఒక్క ప్రశ్న మీదే అరగంట గడుపుతాను.

ఉద్యోగావకాశాల విషయానికి వస్తే, వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు గరిష్ఠంగా 398 రోజులుండే గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో 100కు, 2029లో 47కు తగ్గేలా నిర్ణయం జరిగింది. చేతితో పునరుద్ధరించడం ఇక సాగదు కనుక, ఆ పనిని ఆటోమేట్ చేయగలవారు అవసరమవుతారు. అయితే కొత్తవారికి నేరుగా ఈ పని అప్పగించడం అరుదు. బ్యాకెండ్ (సర్వరు వైపు ప్రోగ్రామింగ్) లేదా డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో నడిపే పని) ఉద్యోగం ద్వారానే ఇటు రావాలి.

అందుకని ఫీజు కట్టే ముందు, అదే ప్రాజెక్టులో కీని వాల్ట్‌కు తరలించి, అప్లికేషన్ ఆగకుండా కీని మార్చి, జరిగిన పొరపాటుతో సహా అంతా ఒక పేజీలో రాయమనండి. ఆ తరువాత కూడా కోర్సు కావాలని ఆమెకే అనిపిస్తే, చేరే ముందు అక్కడి ల్యాబ్‌లో కీ మార్పిడిని విద్యార్థుల చేతే చేయిస్తారేమో కనుక్కోండి.