అలెప్పీ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నవంబరులో అందరూ కలిసి కేరళలోని అలెప్పీ వెళ్తున్నారనీ, హౌస్‌బోట్‌లో రెండు రాత్రులకి అడ్వాన్స్ కట్టబోతున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంకా కట్టకపోతే ఆగు. పీచు వ్యాపారం మీద ఏళ్ళ తరబడి ఆ ఊరు తిరిగినవాణ్ణి, నా మాట విన్నాక మీ ఇష్టం.

నెల బాగానే చూసుకున్నావు గానీ, రెండో పక్షంలో పెట్టుకోండి. నెల మొదట్లో సాయంత్రాలు ఉరుముల వానలు పడతాయి. అలాగని మరీ వెనక్కి జరపొద్దు. డిసెంబరు నడిమికి వేంబనాడు సరస్సు మీద తణ్ణీర్‌ముక్కం ఆనకట్ట షట్టర్లు దించేస్తారు. ఉప్పునీరు వరిచేలకి తగలకూడదని. రైతుకి అది కావాల్సిందే గానీ, నీళ్ళు కదలక గుర్రపుడెక్క పేరుకుపోయి కొన్ని కాలువలు కంపు కొడతాయి.

ఇక హౌస్‌బోట్. ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్ళం పడవలవి. మేకు కొట్టకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు, ఆ పనితనం దగ్గరగా చూడు, ముచ్చటేస్తుంది. పడుకోవడం సంగతి వేరు. మధ్యాహ్నం 12కి ఎక్కిస్తారు, సాయంత్రం ఆరు కాకుండానే ఒడ్డుకి కట్టేస్తారు, ఎందుకంటే రాత్రి జాలర్లు వలలు వేసుకోవాలి. మర్నాడు 9కల్లా దింపేస్తారు. చాలా బోట్లలో ఏసీ కూడా రాత్రి 9 దాటాకే వేస్తారు. అంటే సగానికి పైగా డబ్బు, కట్టేసిన పడవలో జనరేటర్ల మోత వింటూ పడుకోవడానికే. పైగా అంత పెద్ద పడవ ఇరుకు కాలువల్లోకి పోదు. అల్లుడుగారు ముచ్చటపడుతుంటే ఒక్క రాత్రి చాలు. ఫొటోలు చూసి మొత్తం డబ్బు పంపెయ్యకండి, పున్నమడ రేవుకి వెళ్ళి బోటు కళ్ళారా చూసి మాట్లాడుకోండి. బాబు సైజు లైఫ్ జాకెట్ ఉందా అని అడిగి, బయటికి తీయించి, తొడిగించు. ఎవరు నవ్వినా పట్టించుకోకు. 2019లో మన కచ్చులూరు దగ్గరా, 2023లో కేరళలోనే తానూరులోనూ మునిగినవి విహారానికి తీసుకెళ్ళిన బోట్లే.

కొబ్బరిచెట్లూ కాలువలూ మన కోనసీమ వాళ్ళకి కొత్తేం కాదు. దిండిలో హౌస్‌బోట్ కూడా ఉంది. మన దగ్గర లేనిది ఇంకోటుంది. దానికోసం ఊళ్ళోని బోటు జెట్టీకి పొద్దున్నే వెళ్ళి, జలరవాణా శాఖ వాళ్ళ మామూలు బోటు ఎక్కండి. టికెట్టు పదుల రూపాయల్లోనే. ముందు సరంగు నిలబడి చక్రం తిప్పుతుంటాడు, ఇంజిన్ దగ్గరున్నవాడికి తాడు లాగి గంట కొట్టి చెబుతాడు. మన పల్లెవెలుగు బస్సులాగే నాలుగు ఇళ్ళు కనిపిస్తే ఆగుతుంది. యూనిఫాం పిల్లలు ఎక్కుతారు, గ్యాస్ బండ దిగుతుంది, మెట్ల మీద గిన్నెలు తోముకునే ఆవిడ అల తగలకుండా కాస్త జరిగి కూర్చుంటుంది. ఊరు దాటాక గట్టు అవతలికి చూడు. వరిచేను నువ్వు కూర్చున్న నీటికంటే కిందికి ఉంటుంది! సముద్రమట్టానికి దిగువన చేసే సేద్యం అది, పంపులతో నీరు పైకి తోడిపోయాల్సిందే. కుట్టనాడు అనే ఈ ప్రాంతానికి 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ గుర్తింపు ఇచ్చింది కూడా ఆ సేద్యానికే. కొట్టాయం దాకా వెళ్తే సుమారు రెండున్నర గంటలు. అత్తగారికి అంతసేపు కష్టమనుకుంటే నెడుముడి వెళ్ళే బోటు ఎక్కి, అక్కడ దిగి బస్సులో వెనక్కి వచ్చెయ్యండి. ఇరుకు కాలువలకి మర్నాడు శికారా అనే చిన్న పడవ గంటల లెక్కన మాట్లాడుకోవచ్చు.

బీచ్ సాయంత్రానికి ఉంచుకో. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అక్కడ సముద్రంలోకి దిగుతాడు, అదొక్కటీ బాబుకి చూపించు. ఇసుకలో నిలబడ్డ ఇనుప స్తంభాలు 1862లో కట్టిన ఓడల వంతెన తాలూకు మిగులు. ఊళ్ళో పక్కపక్కనే పారే రెండు కాలువలు సరుకుని సరస్సు నుంచి ఈ రేవుకి తేవడానికి తవ్వినవే. కాళ్ళు తడుపుకోవడానికైతే ఉత్తరంగా మరారి బీచ్ నయం, జనం తక్కువ. అక్కడైనా మోకాళ్ళు దాటి వెళ్ళొద్దు.

తిండి విషయంలో అత్తగారికి ముందే చెప్పు, అన్నం ఎర్రగా లావుగా ఉంటుంది, కూరలన్నీ కొబ్బరినూనెతోనే. వైట్ రైస్ అడిగితే పెడతారు. మీరిద్దరూ మాత్రం అరిటాకులో చుట్టి కాల్చిన కరిమీన్ చేప వదలకండి, ధర ముందు అడిగి.

అంబలప్పుళ కృష్ణుడి గుడి 14 కిలోమీటర్లే. అక్కడి పాలపాయసం కోసమైనా వెళ్ళాలి, పొద్దున్నే కౌంటర్లో అడిగి ఉంచండి. లోపలికి మగవాళ్ళు చొక్కా విప్పాలి, అల్లుడుగారు మొహమాటపడతారేమో, ఇప్పుడే చెప్పెయ్యి.

రైలుకైతే మనవాళ్ళు బొకారో అనే ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఉంది, రాజమండ్రిలో ఎక్కితే ఎక్కడా మారకుండా అలెప్పీలోనే దింపుతుంది. నవంబరు రెండో పక్షమంటే శబరిమల సీజన్, బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. బుకింగ్ తెరిచిన రోజే కూర్చోండి. అత్తగారికి కింది బెర్త్ వచ్చిందో లేదో ఫోన్ చెయ్యి.

మీ మావయ్య